ఆడం అన్నారు... అరీనాలు నింపారు!

రెండు దేశాలు, ఎనిమిది క్లబ్బులు, మంచు మీద పరుగు. అమెరికా, కెనడాలకు ఉమ్మడిగా నడుస్తున్న మహిళల ఐస్‌హాకీ లీగ్‌ వెనక ఇరవై ఏళ్ల కష్టం ఉంది. చేతిలో ఉన్న ఆటను వదులుకోవడానికి సిద్ధపడ్డ అమ్మాయిల తెగువ ఉంది.

2019 మే 2న ప్రపంచంలోని మేటి ఐస్‌హాకీ క్రీడాకారిణులు తమ సోషల్ మీడియా ఖాతాల్లో ఒకే ప్రకటన పెట్టారు. ఒలింపిక్ స్వర్ణాలు మెడలో వేసుకున్నవాళ్లు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు గెలిచినవాళ్లు, నిన్నమొన్న కాలేజీ టీమ్‌ల నుంచి బయటికొచ్చినవాళ్లు... అంతా కలిపి రెండువందల మందికి పైనే. వృత్తి క్రీడకు ఉండాల్సిన వసతులు, బతకడానికి సరిపడా జీతం, ఆరోగ్య బీమా లేకుండా ఆ సీజన్లో ఉత్తర అమెరికాలోని ఏ ప్రొఫెషనల్ లీగ్‌లోనూ ఆడబోమన్నది దాని సారాంశం.

అంతకు సరిగ్గా ఒకరోజు ముందే, పన్నెండేళ్లుగా నడుస్తున్న కెనడా మహిళల హాకీ లీగ్ మూతపడింది. అమెరికాలో మరో లీగ్ ఉంది, రమ్మంటోంది కూడా. అయినా వెళ్లలేదు. ఫ్యాక్టరీలో సమ్మె ముగిస్తే పని మళ్లీ దొరుకుతుంది. ఆటలో ఆ భరోసా ఉండదు. ఇరవై ఏడేళ్ల ఫార్వర్డ్ ఒక సీజన్ వదులుకుంటే అది ఆమెకు మళ్లీ రాదు. ముప్ఫై దాటినవాళ్లయితే ఇక రింక్‌కు దూరమైపోతామేమోనన్న భయంతోనే ఆ ప్రకటన మీద పేరు పెట్టారు. పీడబ్ల్యూహెచ్‌ఎల్, అంటే ప్రొఫెషనల్ విమెన్స్ హాకీ లీగ్ కథ నా దృష్టిలో ఆ రోజే మొదలైంది. డబ్బున్న యజమాని తరవాత వచ్చాడు.

గులాబీ జెర్సీలు... ఖాళీ జేబులు

ఐస్‌హాకీలో అత్యంత ప్రసిద్ధమైన ట్రోఫీ స్టాన్లీ కప్. దాన్ని ఇచ్చిన లార్డ్ స్టాన్లీ కెనడా గవర్నర్ జనరల్. ఆయన కూతురు ఇసబెల్ 1890 ప్రాంతంలో ఒట్టావాలోని అధికార నివాసం రింక్ మీద పొడవాటి తెల్ల గౌనులో స్టిక్ పట్టుకుని ఆడుతున్న ఫొటో నేటికీ ఉంది. ఆడవాళ్లు ఈ ఆటకు కొత్తగా వచ్చినవాళ్లేం కాదు. కానీ మహిళలకు అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టడానికి మరో వందేళ్లు పట్టింది. 1990లో ఒట్టావాలో జరిగిన ఆ తొలి పోటీలో, తరతరాలుగా ఎరుపు, తెలుపు వేసుకునే కెనడా జట్టుకు నిర్వాహకులు గులాబీ రంగు జెర్సీలు కుట్టించారు. జనాన్ని రప్పించడానికి అదో ఉపాయమట. ఆ జెర్సీల్లోనే వాళ్లు స్వర్ణం గెలిచారు. ఒలింపిక్స్‌లోకి మహిళల హాకీ 1998లో, జపాన్‌లోని నగానోలో అడుగుపెట్టింది. అక్కడ అమెరికా గెలిచింది. అప్పటి నుంచి ఈ రెండు దేశాల పోరు కోసమే టీవీల ముందు కూర్చునే వాళ్లున్నారు.

నాలుగేళ్లకోసారి వచ్చే ఆ రెండు వారాల వెలుగు పోయాక మిగిలిన రోజులు ఎలా గడిచేవన్నదే అసలు కథ. కెనడా లీగ్ 2007లో మొదలైంది. మొదటి పదేళ్లూ అందులో జీతమన్న మాటే లేదు. 2017లో తొలిసారి ఇచ్చిన మొత్తం, సీజన్‌కు 2,000 నుంచి 10,000 కెనడియన్ డాలర్లు. పగలు బడిలో పాఠాలు చెప్పో, ఆఫీసులో పనిచేసో, రాత్రి పొద్దుపోయాక రింక్ ఖాళీ అయితే ప్రాక్టీసుకు వెళ్లేవారు. 2015లో అమెరికాలో పుట్టిన ఎన్‌డబ్ల్యూహెచ్‌ఎల్ జీతాలిస్తామంటూ ముందుకొచ్చింది. రెండో సీజన్ మధ్యలోనే, 2016 నవంబర్లో ఆ జీతాలకు భారీగా కోత పెట్టింది.

జాతీయ జట్ల పరిస్థితీ అంతంతమాత్రమే. ఒలింపిక్స్‌కు ముందు ఆరు నెలలు మాత్రమే తమకు నెలకు వెయ్యి డాలర్ల చొప్పున ఇస్తున్నారని అమెరికా జట్టు 2017లో బహిరంగంగా చెప్పింది. సొంతగడ్డ మిషిగన్‌లో జరగాల్సిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను బహిష్కరిస్తామంది. అమెరికా హాకీ సమాఖ్య ప్రత్యామ్నాయ జట్టు కోసం వెతికితే, పిలుపు అందిన అమ్మాయిలు ఒకరి తరవాత ఒకరు రామన్నారు. పోటీలకు మూడు రోజుల ముందు సమాఖ్య దిగొచ్చింది. అమెరికా జట్టు బరిలోకి దిగి, ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో హిలరీ నైట్ కొట్టిన గోల్‌తో కప్పు పట్టుకెళ్లింది. ఐకమత్యం ఏం చేయగలదో ఆ అమ్మాయిలకు అప్పుడే అర్థమైంది. 2019 ప్రకటనకు ధైర్యం అక్కణ్నుంచే వచ్చింది.

నాలుగేళ్ల నిరీక్షణ

ఆడమన్నవాళ్లు ఇంట్లో కూర్చోలేదు. సంఘం పెట్టుకుని, ‘డ్రీమ్ గ్యాప్ టూర్’ పేరుతో ఊరూరా ప్రదర్శన మ్యాచ్‌లు ఆడారు. కెనడా మాజీ స్టార్ జేనా హెఫర్డ్ ఆ సంఘాన్ని ముందుండి నడిపించారు. కోవిడ్ మధ్యలో, 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆడారు. ఆ పేరుమోసిన అరీనాలో ప్రొఫెషనల్ మహిళల హాకీ మ్యాచ్ జరగడం అదే మొదటిసారి.

ఆసరా టెన్నిస్ నుంచి వచ్చింది. 1970లలో మహిళల టెన్నిస్‌కు సొంత టూర్ కట్టి, సమాన ప్రైజ్‌మనీ కోసం పోరాడిన బిల్లీ జీన్ కింగ్, ఆమె జీవిత భాగస్వామి ఇలానా క్లాస్ హాకీ అమ్మాయిల మాట విన్నారు. లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని మార్క్ వాల్టర్‌తో కలిపారు. 2023 జూన్ చివర్లో వాల్టర్ బృందం అమెరికా లీగ్‌ను కొనేసి మూసేసింది. అప్పటికి దాని పేరు పీహెచ్‌ఎఫ్‌గా మారింది.

ఆ కొనుగోలు గురించి ఒక మాట చెప్పాలి. పీహెచ్‌ఎఫ్ ఆ ఏడాది ఒక్కో జట్టు జీతాల పరిమితిని పదిహేను లక్షల డాలర్లకు పెంచుతానంది. ఎందరో అమ్మాయిలు మంచి కాంట్రాక్టులు రాసుకున్నారు. ఒక్క రాత్రిలో అవన్నీ రద్దయ్యాయి. కొత్త లీగ్‌లో చోటు దొరకని కొందరి ఆట అంతటితో ఆగిపోయింది. కొత్త లీగ్ విజయాన్ని తలచుకునేటప్పుడు వాళ్లనూ తలచుకోవడం న్యాయం. బలహీనమైన రెండు లీగ్‌లకన్నా బలమైన ఒక్క లీగ్ మేలన్న వాదనలో పస ఉంది, నేనూ ఒప్పుకుంటాను. మూల్యం చెల్లించినవాళ్లు మాత్రం ఉన్నారు.

లీగ్ పుట్టకముందే కార్మిక ఒప్పందం పుట్టడం ఇక్కడ విశేషం. జట్ల పేర్లు లేవు, ఊర్లు ఖరారు కాలేదు, షెడ్యూలు లేదు. అయినా 2023 జులైలో క్రీడాకారిణుల యూనియన్ ఓటేసి ఎనిమిదేళ్ల ఒప్పందాన్ని ఆమోదించింది. అది 2031 దాకా నడుస్తుంది. కనీస వేతనం ఏడాదికి 35,000 డాలర్లు. జట్టులో సగటు 55,000కు తగ్గకూడదు. కనీసం ఆరుగురికి 80,000 లేదా అంతకన్నా ఎక్కువతో మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చి తీరాలి. ఏటా మూడు శాతం పెంపు. ఇంటి అద్దె భత్యం, ఆరోగ్య బీమా అదనం. పురుషుల ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ ఏడాది కనీస వేతనమే 7,75,000 డాలర్లు. దాని పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న మొత్తమే. కానీ మరో ఉద్యోగం చేయకుండా హాకీ ఆడి బతకొచ్చని కాగితం మీద రాసి, సంతకం పెట్టిచ్చిన లీగ్ ఇది.

పేరు లేని జట్లు, నిండిన గ్యాలరీలు

2024 జనవరి 1. టొరంటోలో పాత మేపుల్ లీఫ్ గార్డెన్స్ భవనంలోని రింక్. సీట్లు రెండున్నర వేలు, అన్నీ నిండాయి. బిల్లీ జీన్ కింగ్, జేనా హెఫర్డ్ వచ్చి ఆట ప్రారంభించారు. న్యూయార్క్ తరఫున ఎల్లా షెల్టన్ లీగ్ చరిత్రలో మొదటి గోల్ కొట్టింది. గోలీ, అంటే గోల్‌కీపర్ కొరిన్ ష్రోడర్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. న్యూయార్క్ 4-0తో గెలిచింది.

ఆ ఏడాది ఆరు జట్లకూ పేర్లే లేవు. జెర్సీ మీద ఏటవాలుగా ఊరి పేరు, అంతే. డిజైన్ కూడా అందరికీ ఒకటే. అయినా జనం వచ్చారు. జనవరి 2న ఒట్టావాలో 8,318 మంది. నాలుగు రోజులకు మిన్నెసోటాలో 13,316. ఫిబ్రవరిలో టొరంటోలో పెద్ద అరీనాకు మారిస్తే 19,285. ఏప్రిల్ 20న మాంట్రియల్‌లోని బెల్ సెంటర్‌లో 21,105. మహిళల హాకీలో అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా అంతమంది ఒకచోట కూర్చుని మ్యాచ్ చూడలేదు. ‘మహిళల హాకీ ఎవరు చూస్తారు?’ అని ఇరవై ఏళ్లు అడిగినవాళ్లకు నాలుగు నెలల్లో జవాబు దొరికింది.

పేర్లు రెండో సీజన్‌కు వచ్చాయి. బోస్టన్ ఫ్లీట్, మిన్నెసోటా ఫ్రాస్ట్, మాంట్రియల్ విక్ట్వార్, న్యూయార్క్ సైరెన్స్, ఒట్టావా ఛార్జ్, టొరంటో సెప్టర్స్. ఆ సీజన్లోనే లీగ్‌కు వచ్చిన ప్రేక్షకుల మొత్తం సంఖ్య పది లక్షలు దాటింది.

మంచు మీద కబడ్డీ సూత్రం

ఐస్‌హాకీ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు మంచు మీద ఉంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. బంతి బదులు పక్, అరచేతిలో పట్టే రబ్బరు బిళ్ల. గెంతకుండా ఉండటానికి ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. అందరూ పరుగుపందెంలో ఉన్నట్లు ఆడతారు కాబట్టి ముప్పావు నిమిషానికో నిమిషానికో ఒకసారి మనుషులు మారుతూనే ఉంటారు. తప్పు చేసిన క్రీడాకారిణి రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవాలి. అంతసేపూ ఆమె జట్టు ఒకరు తక్కువతో ఆడాలి.

ఇక్కడే ఈ లీగ్ కొత్త నిబంధన తెచ్చింది. ఒకరు తక్కువ ఉన్న జట్టే గోల్ కొడితే, బాక్స్‌లో కూర్చున్న అమ్మాయి వెంటనే లేచి వచ్చేయొచ్చు. కబడ్డీలో మనవాడు పాయింట్ తెస్తే అవుటైనవాడు తిరిగి బరిలోకి వచ్చినట్లన్నమాట. అభిమానులు దీన్ని ‘జైల్‌బ్రేక్’ అంటారు. దీంతో ఒకరు తక్కువైనా జట్లు వెనక్కి తగ్గి కాచుకోవడం మానేసి, ఎదురుదాడికి దిగుతున్నాయి. ఒలింపిక్స్‌లో కన్నా ఇక్కడ శరీరాలు గట్టిగానే తగులుతాయి. పక్ కోసం పోరులో భుజంతో నెట్టడానికి రిఫరీలు అనుమతిస్తారు.

పాయింట్ల లెక్కా వేరే. మామూలు సమయంలో గెలిస్తే మూడు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిస్తే రెండు, అక్కడ ఓడితే ఒకటి. ఆటగాళ్ల ఎంపికలో న్యాయం కోసం పెట్టిన పద్ధతి నాకు మరీ నచ్చింది. మామూలుగా అమెరికా లీగ్‌లలో అట్టడుగు జట్టుకు కొత్త ఆటగాళ్ల ఎంపికలో ముందు అవకాశం ఇస్తారు. అందుకని కొన్ని జట్లు చివర్లో కావాలనే ఓడిపోతాయన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. పీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో ప్లేఆఫ్స్ అవకాశం పోయాక ఎవరు ఎక్కువ పాయింట్లు గెలుస్తారో వాళ్లకే మొదటి ఎంపిక. అంటే చివరి మ్యాచ్ వరకూ గెలవడానికే ఆడాలి. మొదటి రెండు సీజన్లూ అట్టడుగున ఉన్న న్యూయార్క్ ఈ దారిలోనే తొలి ఎంపిక దక్కించుకుంది. ఒకసారి కెనడా స్టార్ సారా ఫిలియర్‌ను, మరోసారి చెక్ అమ్మాయి క్రిస్టినా కల్టౌన్‌కోవాను తీసుకుంది.

గ్లౌజులు ఏరుకుని మళ్లీ ఆడారు

క్లబ్బుల్లో మిన్నెసోటా కథ చెప్పకుండా ముందుకెళ్లలేం. అమెరికాలో హైస్కూలు అమ్మాయిలకు హాకీని అధికారిక క్రీడగా మొదట గుర్తించిన రాష్ట్రం అదే, 1994లో. ఆ పునాది మీద పెరిగిన జట్టు ఇది. తొలి సీజన్ చివర వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడి, నాలుగో స్థానంలో అదృష్టం కొద్దీ ప్లేఆఫ్స్‌కు వచ్చింది. అగ్రస్థానంలో ఉన్న జట్టు తన ప్రత్యర్థిని తానే ఎంచుకోవచ్చన్నది ఈ లీగ్‌లో మరో ఆసక్తికరమైన నిబంధన. టొరంటో మిన్నెసోటాను ఎంచుకుంది. మొదటి రెండూ గెలిచింది. మూడో మ్యాచ్‌లో ఆ సీజన్లో 20 గోల్స్‌తో లీగ్‌లోనే అగ్రస్థానంలో నిలిచిన నటాలీ స్పూనర్ మోకాలికి గాయమైంది. టొరంటో ఆ తరవాత కోలుకోలేదు. వరసగా మూడు ఓడింది.

ఫైనల్ బోస్టన్‌తో. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో మిన్నెసోటా 2-1తో ముందుంది. 2024 మే 26న నాలుగో మ్యాచ్, సొంత ఊరు సెయింట్ పాల్‌లో. మామూలు సమయంలో గోల్ లేదు. ఒక ఓవర్‌టైమ్ అయింది, లేదు. రెండో ఓవర్‌టైమ్‌లో సోఫీ జాక్స్ కొట్టిన పక్ నెట్‌లోకి వెళ్లింది. కప్పు గెలిచామనుకున్న అమ్మాయిలు హెల్మెట్లు, గ్లౌజులు, స్టిక్కులు గాల్లోకి విసిరేసి ఒకరి మీద ఒకరు పడ్డారు. గ్యాలరీ ఊగిపోయింది. అప్పుడు రిఫరీలు వీడియో చూశారు. గోలీకి అడ్డు తగిలారని గోల్ రద్దు చేశారు. మంచు మీద చెల్లాచెదురైన గ్లౌజులు ఎవరివి వాళ్లు ఏరుకుని, హెల్మెట్లు బిగించుకుని మళ్లీ ఆడాలి. ఆడారు. కాసేపటికే బోస్టన్ స్విస్ స్టార్ అలీనా ముల్లర్ గోల్ కొట్టేసింది.

అంత దెబ్బ తిన్న జట్టు మూడు రోజుల తరవాత బోస్టన్ సొంత రింక్‌లో ఎలా నిలబడుతుంది? నిలబడింది. లిజ్ షెపర్స్ మొదటి గోల్ కొట్టింది. చివర్లో ఖాళీ నెట్‌లోకి పక్ పంపి 3-0 చేసింది కెప్టెన్ కెండల్ కోయిన్ స్కోఫీల్డ్. లీగ్ ట్రోఫీ అయిన తొలి వాల్టర్ కప్ మిన్నెసోటాదే. ఈ కెప్టెనే 2019లో ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ల వేగ పోటీలో మగవాళ్లతో కలిసి స్కేటింగ్ చేసి, 14.346 సెకన్లలో రింక్ చుట్టి అందరినీ ఆశ్చర్యపరిచింది. లీగ్ మొదలవడానికి ఆరు నెలల ముందే, 2023 జులైలో ఆమె తల్లయింది. స్పూనర్‌ కూడా 2022 డిసెంబర్లో బాబుకు జన్మనిచ్చి, తిరిగొచ్చి ఆ సీజన్లో అత్యుత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. ‘పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఆటెందుకు’ అనే మాట మన ఇళ్లల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది కదా, అందుకే ఈ ఇద్దరి గురించి ప్రత్యేకంగా చెబుతున్నా.

2025లోనూ మిన్నెసోటాది నాలుగో స్థానమే. ఈసారి ఎంచుకునే వంతు మాంట్రియల్‌ది. ఛాంపియన్ జోలికి పోకుండా మూడో స్థానంలోని ఒట్టావాను తీసుకుంది, ఓడిపోయింది. టొరంటోకు మళ్లీ మిన్నెసోటాయే తగిలింది, మళ్లీ ఓడింది. ఒట్టావాతో ఫైనల్లో నాలుగు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కే వెళ్లాయి, నాలుగూ 2-1తోనే ముగిశాయి. ఆఖరి గోల్ మళ్లీ షెపర్స్‌దే. మొదటి గోలీ గాయపడితే బరిలోకి వచ్చిన ఒట్టావా కొత్తమ్మాయి గ్వినెత్ ఫిలిప్స్ ఎన్ని ఆపిందంటే, ఓడిన జట్టులో ఉండి కూడా ప్లేఆఫ్స్ అత్యుత్తమ క్రీడాకారిణి ఆమే అయింది.

మాంట్రియల్ గురించి చెప్పాలంటే మారీ ఫిలిప్ పులాన్ పేరొక్కటి చాలు. క్యూబెక్‌లోని చిన్న ఊరు బోస్‌విల్ నుంచి వచ్చిందామె. 2010, 2014, 2022 ఒలింపిక్ ఫైనల్స్‌లో కెనడాకు స్వర్ణం తెచ్చిన గోల్స్ ఆమెవే. 2014 సోచీలో ఇంకా 55 సెకన్లే ఉందనగా స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో తనే గెలిపించింది. నాలుగు ఒలింపిక్ ఫైనల్స్‌లో గోల్ కొట్టిన ఆటగాళ్లు మగవాళ్లలోనూ లేరు. 2025లో లీగ్ అత్యుత్తమ క్రీడాకారిణీ ఆమే. ఇన్ని చేసిన మనిషి ముప్ఫై రెండేళ్లొచ్చేదాకా ఈ స్థాయి లీగ్ కోసం ఎదురుచూడాల్సి రావడం బాధనిపిస్తుంది.

ఒకే యజమాని

ఎనిమిది క్లబ్బులకూ యజమాని ఒక్కరే, వాల్టర్ కుటుంబం. దీనివల్ల జట్ల మధ్య డబ్బు పోటీ లేదు. ఒక ఊరి జట్టు దివాలా తీసి లీగ్‌ను ముంచే ప్రమాదం లేదు. అయితే అన్నీ ఒకే చేతిలో ఉండటం వల్ల ఆ చేయి వెనక్కి తీసుకుంటే ఏమిటన్న ప్రశ్నా ఉంది. 2031 దాకా ఉన్న ఒప్పందమే క్రీడాకారిణులకు ప్రస్తుతం రక్ష.

లీగ్ మాత్రం పెరుగుతోంది. 2025 జనవరిలో సొంత జట్టు లేని ఊర్లలో మ్యాచ్‌లు పెడితే వాంకూవర్‌లో 19,038 మంది వచ్చారు. మూడో సీజన్‌కు వాంకూవర్ గోల్డెన్‌ఐస్, సియాటిల్ టొరెంట్ చేరాయి. కొత్త క్లబ్బులు బలంగా ఉండాలని పాత జట్లు మొదట ముగ్గురిని మాత్రమే అట్టిపెట్టుకోవాలన్నారు. బోస్టన్ తన కెప్టెన్ హిలరీ నైట్‌ను సియాటిల్‌కు వదులుకుంది. ఛాంపియన్ మిన్నెసోటా నుంచి సోఫీ జాక్స్ వాంకూవర్ వెళ్లిపోయింది. పాత అభిమానులకు గుండె కోతే. కానీ పశ్చిమ తీరంలోని రెండు కొత్త జట్లకూ పేరున్న క్రీడాకారిణులు దొరికారంటే కారణం ఈ పద్ధతే. చెక్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్, జపాన్ అమ్మాయిలకూ ఇందులో చోటు దొరికింది.

మన దేశంలో ఈ ఆట ఎక్కువగా లద్దాఖ్ అమ్మాయిలది. శీతాకాలంలో గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకుని, 2016లో తొలిసారి అంతర్జాతీయ బరిలో దిగారు. 2018లో కెనడా దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ లద్దాఖ్ వచ్చి వాళ్లతో ఆడి, శిక్షణ ఇచ్చింది. 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో భారత మహిళల జట్టు కాంస్యం గెలిచింది.

అమెరికా, కెనడాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు మాత్రం ఈ ఆట ఇంటి పక్కనే ఉంది. టొరంటో, సియాటిల్, బోస్టన్, మిన్నియాపొలిస్ జంటనగరాల్లో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. న్యూజెర్సీవాళ్లయితే మరీ దగ్గర. సైరెన్స్ ఆడేది న్యూవార్క్‌లోని ప్రుడెన్షియల్ సెంటర్‌లో, ఎడిసన్ నుంచి అక్కడికి నేరుగా రైలుంది, స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. శని ఆదివారాల్లో క్రికెట్ లీగ్‌లూ సంగీతం క్లాసులూ ఎలాగూ ఉంటాయి. వాటిలో ఒక్క సాయంత్రం దీనికివ్వండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి.